ఇరవై నాలుగు మిల్లీమీటర్లు

బస్సు సగం దారికి వచ్చేసరికి వెనక సీట్లో పెట్టె గురించి తగువు మొదలైంది.

అది మామూలు పెట్టె కాదు. నిలబెడితే మనిషి ఛాతీదాకా వస్తుంది. కింద రెండు చక్రాలు, మూతకి మూడు గొళ్ళాలు. నడవలో పెడితే ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ కాళ్ళు తగిలి తిడతారు. పైన సామాన్ల అరలో పట్టదు. అందుకని దాన్ని తీసుకొచ్చే మనిషి ఎప్పుడూ ఆఖరి వరస పొడుగు సీటు చూసుకుని, దాన్ని పక్కన పడుకోబెట్టి, జ్వరం వచ్చిన పిల్లని జోకొడుతున్నట్టు ఒక చెయ్యి దానిమీద వేసి కూర్చుంటాడు. అలా కూర్చునే నిద్రపోతాడు, అలా కూర్చునే పేపరు చదువుతాడు.

"ఆ వీణని కాస్త పక్కకి జరపండి అన్నయ్యా, మనుషులు కూర్చోవాలి," అంది మధ్య స్టాపులో ఎక్కిన ఒకావిడ. రెండు చంకల్లో రెండు బట్టల మూటలు, మెళ్ళో దండలా వేలాడుతున్న కొలతల టేపు.

"వీణ కాదమ్మా."

"కాకపోతే మరీ మంచిది. వీణకైతే మర్యాద ఇవ్వాలి, దీనికి అక్కర్లేదు." పెట్టెని మోకాలితో ఓ జానెడు తోసి కూర్చుంది.

"గట్టిగా అడుగమ్మా," అన్నాడు ముందునుంచి కండక్టరు. "నెలకి నాలుగుసార్లు ఇదే బస్సు, ఇదే పెట్టె. పెట్టెకి కిటికీ పక్కన చోటిచ్చి ఆయన నడవ పక్కన కూర్చుంటాడు. పెళ్ళాన్ని కూడా ఎవరూ అంత బాగా చూసుకోరు."

బస్సులో నలుగురు నవ్వారు. పెట్టె మనిషి కూడా నవ్వాడు, కానీ ఆలస్యంగా. అతని చెవి ఆ మాటల మీద లేదు, ఆవిడ గొంతు మీద ఉంది. మాటలు చురుగ్గానే ఉన్నాయి, గొంతు మాత్రం ఇసక కాగితంతో రుద్దినట్టు బొంగురుగా, సగం గాలి బయటికి పోతూ వస్తోంది. జలుబు గొంతు అలా ఉండదు. అలాంటి గొంతు అతను తన ఉద్యోగంలో రెండుసార్లు విన్నాడు, రెండుసార్లూ ఆసుపత్రి వరండాలోనే.

ఇక్కడ ఆ ఉద్యోగం ఏమిటో చెప్పుకోవాలి. గుండె నుంచి బయల్దేరి, ఛాతీలో గొడుగు పిడిలా వంగి, కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం ఒకటుంది. కొందరికి అది వయసుతో బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. కొందరికి ప్రమాదంలో చిరుగుతుంది. ఇది ఇవాళ్టి జబ్బు కాదు. నూటయాభై ఏళ్ళ కిందటి వైద్యులు ఆ బుడగలోకి సన్నటి తీగని గజాల కొద్దీ చుట్టలు చుట్టలుగా ఎక్కించి, రక్తం గడ్డకడుతుందేమోనని ఆశగా చూశారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఛాతీ కోసి నాళాన్నే మార్చారు. ఇప్పుడు తొడ మొదట్లో చిన్న రంధ్రం చేసి, తీగ మీదుగా ఒక ముడుచుకున్న గుడ్డ గొట్టాన్ని పైకి పంపి, సరైన చోట గొడుగులా విప్పుతారు. స్ప్రింగులు కుట్టిన ఆ గొట్టం పాత నాళానికి లోపలి అస్తరులా అతుక్కుంటుంది. రక్తం అస్తరులోంచి పోతుంది, చిరుగు మీద ఒత్తిడి పోతుంది.

అంతా సైజులోనే ఉంది. నాళం కంటే గొట్టం ఇంత పెద్దదై ఉండాలని లెక్క. తక్కువైతే జారుతుంది, మరీ ఎక్కువైతే ముడతలు పడుతుంది. ఇరవై రెండు మిల్లీమీటర్ల నుంచి నలభై దాకా ఉన్న సైజులన్నీ కొని పెట్టుకోవడం ఏ ఆసుపత్రికీ కుదరదు. అందుకని కంపెనీ మనిషి పెట్టెడు గొట్టాలు మోసుకొస్తాడు, డాక్టరు అడిగింది తీసిస్తాడు, మిగిలినవి పట్టుకుని ఇంకో ఊరు పోతాడు. ముప్ఫై ఏళ్ళ కిందట అతను నీళ్ళ పైపుల కొట్లో గుమాస్తా. చేత్తో తడిమి పైపు సైజు చెప్పేవాడు. అది చూసే ఈ పనిలోకి రమ్మన్నారు. "అప్పుడూ పైపులే, ఇప్పుడూ పైపులే, ఇవి మాత్రం కారితే మేస్త్రీ దొరకడు," అనేవాడు. నర్సులు అతన్ని సైజుల మావయ్య అనేవారు.

ఆ పనిలో ఒక కట్టుబాటుంది. ఆపరేషన్ గదికీ కంప్యూటర్ల గదికీ మధ్య మందపాటి అద్దం ఉంటుంది. పెట్టె మనిషి అద్దానికి ఇవతలే నిలబడాలి. అవతల బల్లమీద మనిషి ఆకుపచ్చ గుడ్డల కింద ఉంటాడు. కనిపించేదల్లా తెర మీద మెరిసే నాళం, చెట్టు కొమ్మల్లా విడిపోయే దారులు. అలా పంతొమ్మిదేళ్ళలో ఆరువందల మందికి పైగా చూశాడు, లోపలి నుంచి. ఒక్కరి ముఖమూ చూడలేదు. సంతలో నడుస్తుంటే ఎదురొచ్చే ఏ మనిషిలోనైనా తన గొట్టం ఉండొచ్చు. ఒక్కోసారి ముసలివాళ్ళ నడకని వెనకనుంచి చూస్తూ, ముప్ఫై రెండా, ముప్ఫై నాలుగా అని తనలో తాను అనుకునేవాడు. అంతకంటే దగ్గరి పరిచయాలు అతనికి లేవు. పెళ్ళయిన నాలుగో ఏట భార్య జ్వరంతో పోయింది. అక్క నెలకోసారి ఫోన్ చేసి, తిన్నావా అని అడిగి, జవాబు వినకుండానే తన మోకాళ్ళ సంగతి చెబుతుంది. అద్దె గది పక్కవాటా వాళ్ళు ఏడాదిన్నర పాటు ఆ గది ఖాళీ అనుకున్నారు. ఒకరోజు మెట్లమీద అతన్నే ఆపి, ఆ గది అద్దెకిస్తారేమో ఎవర్ని అడగాలండీ అన్నారు. కనుక్కుని చెబుతానన్నాడు.

బస్సులోని ఆవిడ దర్జీ. కూర్చున్న పావుగంటలో ఆ సంగతీ, ఆ మూటల్లో ఉన్నవి బడిపిల్లల యూనిఫారాలన్న సంగతీ, మొగుడు లారీ తోలుతూ రెండురోజుల దూరంలో ఉన్నాడన్న సంగతీ చెప్పేసింది. అతని చొక్కా వంక చూసి, "ఎవరు కుట్టారన్నయ్యా ఈ చొక్కా, మీమీద కోపమా వాళ్ళకి? భుజం చూడండి, ముప్పావంగుళం కిందికి జారింది," అంది.

"కొట్లో కొన్నదమ్మా."

"అదే. కొట్లో చొక్కా ఎవరికోసమూ కుట్టరు. ఎవరో ఒకరు దూరతారులే అని కుడతారు. నేనొకటి కుట్టిస్తా, అప్పుడు చూడండి ఒంట్లో ఎన్ని భుజాలున్నాయో."

అతను కిటికీ వైపు చూశాడు. అన్నయ్య అన్న మాట అతను విని ఎన్నేళ్ళయిందో. ఊరకే, తగువు కోసం అన్నమాటే. అయినా ఆ మాట వచ్చినప్పుడల్లా సీట్లో కాస్త నిటారుగా కూర్చుంటున్నాడు.

టికెట్టు చూపించమని కండక్టరు వచ్చాడు. ఆవిడ సంచిలోంచి సూదులూ బొత్తాములూ ఉండే రేకు డబ్బా తీసి మూత విప్పితే టికెట్టుతోపాటు ఒక కార్డు జారి పెట్టె మీద పడింది. మూలలు నలిగి, నూనె మరకతో ఉన్న తెల్ల కార్డు. గొట్టం వేయించుకున్న ప్రతివాళ్ళకీ అలాంటిది ఇస్తారు, ఎప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్ళినా చూపించమని. నంబర్లు రాసేది పెట్టె మనిషే. ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత పెట్టే అలవాటు అతనికి పైపుల కొట్టు నాటిది. కార్డు మీద మూడు ఏడులున్నాయి, మూడింటికీ అడ్డగీతలున్నాయి. కింద సైజు: ఇరవై నాలుగు. తారీకు ఆరేళ్ళ కిందటిది.

ఆ రోజు అతనికి బాగా గుర్తు. ఆటో బోల్తాపడిన కేసు. ఎడమ చేతికి వెళ్ళే కొమ్మ దాటాక నాళం చిరిగింది. కాలు కూడా విరిగి చాలా నెత్తురు పోయింది, బీపీ అంతంతమాత్రం. స్కాన్‌లో నాళం ఇరవై ఒకటి. లెక్క ప్రకారం ఇరవై నాలుగు చాలు. కానీ నెత్తురు పోయిన ఒంట్లో నాళం కూడా కుంచించుకుపోతుంది. సీసా మీద సీసా రక్తం ఎక్కించి మనిషి కోలుకున్నాక మళ్ళీ విప్పారుతుంది. ఆ సంగతి శిక్షణలో చెప్పారు, అతను పుస్తకంలో రాసుకున్నాడు కూడా. కొత్త డాక్టరు మైకులో, "ఇరవై నాలుగు తీయండి, చాలు కదా?" అన్నాడు. పెట్టెలో ఇరవై ఎనిమిది ఒక్కటే ఉంది. మర్నాడు పొద్దున్న వేరే ఊళ్ళో ఒక పెద్ద డాక్టరుకి దాన్ని ఇస్తానని మాటిచ్చి ఉన్నాడు. "చాలు సార్," అన్నాడు.

అంతే. అబద్ధం చెప్పలేదు, లెక్క ప్రకారం చాలు. మర్నాడు ఆ పెద్ద డాక్టరు కేసు వాయిదా పడింది. ఇరవై ఎనిమిది పెట్టెలోనే తిరిగొచ్చింది.

కార్డు తీసి ఆవిడ చేతికిచ్చాడు. "ఏటేటా స్కాన్ తీయించుకుంటున్నారామ్మా?"

"మొదటి ఏడు తీయించా, బాగుందన్నారు. రెండో ఏడు తీయించా, బాగుందన్నారు. బాగున్నదాన్ని ఎన్నిసార్లు బాగుందనిపించుకుంటాం అన్నయ్యా? మానేశా. మీకెలా తెలుసు దీని సంగతి?"

"ఈ పెట్టెలో ఉన్నవి అవే."

ఆవిడ పెట్టె వంక చూసింది. మోకాలు కాస్త వెనక్కి తీసుకుంది, ఇందాక తోసినందుకు నొచ్చుకున్నట్టు. "నా లోపల ఉన్నది ఇలాంటి పెట్టెలోదా? ఎలా ఉంటుంది చూడ్డానికి?"

"గుడ్డే. స్ప్రింగుల్ని గుడ్డకి చేత్తో కుడతారు. ఒక్కోదానికి కొన్ని వందల కుట్లు. ఆడవాళ్ళే ఎక్కువ కుడతారంటారు, భూతద్దం పెట్టుకుని."

ఆవిడ ముఖం విప్పారింది. "ఎవత్తో కుట్టిందన్నమాట. చెప్పరేం మరి ఆసుపత్రిలో? మెటలు మెటలు అని హడలగొట్టారు."

"గొంతు ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?"

"నాలుగు నెలలు. మా ఆయన సంబరపడుతున్నాడు, ఇంట్లో అరుపులు తగ్గాయని."

గొంతుకి వెళ్ళే నరం ఒకటి, ఎందుకో గానీ, తిన్నగా గొంతుకి పోదు. ఛాతీలోకి దిగి, ఆ పెద్ద నాళం వంపు కిందనుంచి చుట్టుకుని మళ్ళీ పైకెక్కుతుంది. ఆ వంపు దగ్గర నాళం ఉబ్బితే నరం సాగుతుంది, గొంతు బొంగురుపోతుంది. అంటే గొట్టం జారింది, వెనక నెత్తురు చేరి బుడగ కట్టింది. అది ఎంత పెద్దదో, ఎన్నాళ్ళు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. బస్సు గతుకుల్లో ఎగిరినప్పుడల్లా అతను ఆవిడ వంక చూస్తున్నాడు.

"ఒక మాట అడుగుతాను," అన్నాడు. "జ్వరంలో పడున్న మనిషి వచ్చి కొలత తియ్యమంటే ఏం చేస్తారు?"

"తియ్యను. తప్పదంటే తీసి, లోపల అంగుళమున్నర గుడ్డ వదిలి కుడతా. ఒంట్లో నెత్తురు లేనప్పటి మనిషి వేరు, లేచి తిరుగుతున్న మనిషి వేరు. నిన్నగాక మొన్న మిషనెక్కిన పిల్లక్కూడా తెలుసు ఆ సంగతి. ఎందుకు?"

"మీకు అలాగే తీశారు కొలత."

ఆవిడ చెయ్యి టేపు మీద ఆగింది. "ఎవరు?"

"తీసింది డాక్టరు. సైజు అందించింది నేను. ఆ కార్డు మీద రాత నాది."

"గుడ్డ వదల్లేదా?"

"వదిలారు. చాల్లేదు."

బస్సు ఒక వంతెన ఎక్కి దిగింది. ఆవిడ మెల్లగా అడిగింది: "చాలదని అప్పుడు మీకు తెలుసా?"

తెలియదనొచ్చు. అన్నా అడిగేవాళ్ళు లేరు. గొంతు సంగతి ఒక్కటే చెప్పి ఆసుపత్రికి పంపిస్తే ఆవిడ బతుకుతుంది, తనకి అన్నయ్య అన్న మాట కూడా మిగులుతుంది. అతను అది కూడా ఆలోచించాడు. కాదనడం ఎందుకు?

"తెలుసు," అన్నాడు. ఇరవై ఎనిమిది ఒక్కటే ఉన్న సంగతీ, దాన్ని ఎవరికోసం దాచాడో, అది మర్నాడు ఎలా వెనక్కొచ్చిందో, ఏదీ కలపకుండా తగ్గించకుండా చెప్పాడు. గొంతు పోయింది ఆ గొట్టం జారడం వల్లేననీ, ఇవాళే ఆసుపత్రికి వెళ్ళాలనీ కూడా చెప్పాడు.

ఆవిడ పక్కనున్న మూట ఒకటి తీసి ఇద్దరి మధ్యా పెట్టుకుంది. చాలాసేపు కిటికీలోంచి చూసి, చివరికి ముఖం తిప్పకుండానే అడిగింది: "ఎక్కడ దిగాలి?"

మూటలు రెండూ కండక్టరుకి అప్పగించారు, తర్వాతి స్టాపులో బడి ఆయా వచ్చి తీసుకుంటుందని. "ఏంటమ్మా, వీణ నేర్చుకోడానికి వెళ్తున్నావా?" అన్నాడు కండక్టరు. ఇద్దరూ నవ్వకపోయేసరికి నోరు మూసుకుని రైట్ అన్నాడు.

ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. మర్నాడు చేసే ఒక ముసలాయన కేసు కోసం అతను ఎలాగూ అక్కడికే పెట్టె తేవాలి. స్కాన్ గది ముందు ఫారంలో, రోగికి ఏమవుతారు అన్న చోట అతని కలం ఆగింది. కిటికీ అవతలి పెద్ద నర్సు పంతొమ్మిదేళ్ళుగా తెలిసిన మనిషి.

"సైజుల మావయ్యకి బంధువులు కూడా ఉన్నారా? నేనింకా నిన్ను కంపెనీ వాళ్ళు పెట్టెతోపాటు తయారుచేశారనుకున్నా. ఏమవుతారు, చెప్పు, రాసుకుంటా."

అతను దర్జీ వైపు చూశాడు. ఆవిడ గోడమీది బొమ్మ చూస్తోంది. "తోడు వచ్చినవాడు అని రాయండి," అన్నాడు.

స్కాన్‌లో అతను అనుకున్నదే కనబడింది. గొట్టం పై అంచు ఒక పక్క నాళాన్ని వదిలి కిందికి వాలింది. వెనక నిమ్మకాయంత బుడగ. నాళం ఇప్పుడు పాతికంటే పాతిక. డాక్టరమ్మ, ముందటి డాక్టరు కాదు, నెమ్మది మనిషి, పై భాగాన ఇంకో గొట్టం జోడిస్తే సరిపోతుందని, మర్నాడు పొద్దున్నే ముందు ఈ కేసు చేద్దామని అంది. మొగుడికి ఫోన్ చేశారు. లారీ తిప్పుకుని బయల్దేరానన్నాడు.

సాయంత్రం వార్డులో అతను పెట్టె పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. వెళ్ళమని ఆవిడ అనలేదు, ఉండమనీ అనలేదు. కిటికీలో వెలుతురు తగ్గుతుండగా ఆవిడ మంచం దిగి, మెళ్ళో టేపు తీసింది.

"నిలబడండి."

నిలబడ్డాడు.

భుజం ఈ చివర నుంచి ఆ చివరకి, మెడ చుట్టూ, ఛాతీ చుట్టూ, చెయ్యి పొడవు. వేళ్ళు చురుగ్గా, ఏ భావమూ లేకుండా కదిలాయి. అతన్ని ఇంకో మనిషి ముట్టుకుని ఎన్నాళ్ళయిందో లెక్క పెట్టబోయి మానేశాడు. ఆసుపత్రుల్లో అందరూ గ్లోవ్సులతోనే వస్తువులు అందుకుంటారు.

"ఊపిరి బిగబట్టకండి. బిగబడితే కొలత తప్పుతుంది. వదలండి."

వదిలాడు. ఆ వదిలిన ఊపిరి ఎంతసేపటికీ అయిపోలేదు. ఆవిడ చూడనట్టు వంగి, రేకు డబ్బాలోని చిన్న పుస్తకంలో అంకెలు వేసుకుంది. పేరు రాసే చోట కాసేపు ఆలోచించి, పెట్టె అని రాసి, డబ్బా మూసి పడుకుంది.

మర్నాడు ఎనిమిదింటికి అతను అద్దానికి ఇవతల నిలబడ్డాడు. ఆకుపచ్చ గుడ్డలు, తెర మీద మెరిసే వంపు, పాత గొట్టం స్ప్రింగులు వాలిన పూలమొక్కలా. అంతా ఎప్పటిలాగే ఉంది. కాకపోతే ఈసారి గుడ్డల కింద ఎవరున్నారో అతనికి తెలుసు.

"ఇరవై ఆరు వెయ్యొచ్చేమో," అంది డాక్టరమ్మ మైకులో. "పాతదాంట్లో ఇముడుతుంది కూడా."

"ఇరవై ఎనిమిది, డాక్టరమ్మా."

అడగకుండా అతను సైజు చెప్పడం ఆ గదిలో అదే మొదలు. డాక్టరమ్మ అద్దం వైపు తిరిగింది. అతను గొంతు సవరించుకున్నాడు. "ఇరవై ఆరు మళ్ళీ జారుతుంది. ఇంకో సంగతి. చేతికి వెళ్ళే కొమ్మ మూసుకోకుండా చూడండి. ఆవిడ దర్జీ. ఎడమ చేత్తో గుడ్డ తోయాలి."

"కొమ్మ కింద చోటుంది, సరిపోతుంది," అంది డాక్టరమ్మ. "ఇరవై ఎనిమిది ఇవ్వండి."

గొట్టం విప్పారింది. రంగు మందు పంపితే తెర మీద నెత్తురు నిండుగా, తిన్నగా పారింది. బుడగలోకి ఒక్క చుక్క పోలేదు. ఎడమ కొమ్మ చివరిదాకా వెలిగింది. పెద్ద నర్సు అద్దం మీద వేలితో రెండుసార్లు తట్టింది.

మధ్యాహ్నం ముసలాయన కేసు అయ్యాక, మిగిలిన గొట్టాలు సర్దుకుని, కొత్త కార్డు రాసి వార్డుకి వెళ్ళాడు. తలుపు అద్దంలోంచి చూశాడు. ఆవిడ నిద్రపోతోంది, నోరు కాస్త తెరుచుకుని. ఎడమ చెయ్యి దుప్పటి మీద ఉంది. వేళ్ళు నిద్రలోనే దేన్నో మడతపెడుతున్నట్టు కదిలాయి. లారీ ఆయన ఇంకా రాలేదు, రేపు సాయంత్రానికి వస్తాడట.

"ఒకసారి లేచింది," అంది పెద్ద నర్సు. "నువ్వున్నావా అని అడిగింది."

"నన్ను ఏమని అడిగింది?"

"ఏమనడమేంటి? ఆయనున్నాడా అంది. లేపనా? చెప్పి వెళ్ళు."

అతను తల అడ్డంగా ఊపాడు. కార్డు ఇచ్చి, రేకు డబ్బాలో పెట్టమన్నాడు. నర్సు డబ్బా తెరిస్తే పైనే చిన్న పుస్తకం ఉంది. అందులో తన భుజం, మెడ, ఛాతీ ఉన్నాయి, చిరునామా లేదు. నర్సు కలం అందించింది. అతను కలం పుచ్చుకుని, పుస్తకం వంక చూసి, మూత బిగించి కలం తిరిగిచ్చేశాడు.

జేబులో ఫోన్ మోగింది. ఇంకో ఊరు, ముప్ఫై నాలుగు కావాలట, పొద్దుటికల్లా. సరేనన్నాడు. పెట్టె నిలబెట్టి, వంచి, వరండా వెంట లాక్కుంటూ నడిచాడు. ఎడమ చక్రం ప్రతి పలక దగ్గరా చిన్నగా కీచుమంది. మలుపు దగ్గర చొక్కా భుజం జారితే పైకి లాక్కున్నాడు, వెనక్కి చూడకుండా మెట్ల వైపు తిరిగాడు.